అమ్మమ్మ సమ్మెట, నా డమాస్కస్ కత్తి

ముందు నేను మోసపోయిన కథ చెప్పేస్తాను. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

రెండేళ్ల కింద థాంక్స్‌గివింగ్ సేల్‌లో ఆన్‌లైన్‌లో ఒక కత్తి కొన్నాను. అరవై డాలర్లు. "డమాస్కస్ స్టీల్, 67 పొరలు, చేత్తో చేసినది" అని రాసి ఉంది. ఈ రోజుల్లో డమాస్కస్ అంటే రెండు రకాల ఉక్కు పొరలు పేర్చి, కాల్చి, కొట్టి ఒకటి చేసినది. కత్తి అలుగు మీద, చెరువులో గాలి తిరిగినప్పుడు లేచే అలల్లాంటి గీతలు. ఫొటో చూసి పడిపోయాను, ఒప్పుకుంటున్నాను. మూడు నెలలు తిరక్కముందే ఆ అలలు మాసిపోవడం మొదలైంది. అది కూడా పీచు బాగా రుద్దుకునే చోట ముందుగా.

అప్పుడు మొదటిసారి కత్తిని సరిగ్గా చూశాను. ఎడమ పక్క గీతలు, కుడి పక్క గీతలు అద్దంలో పెట్టినట్టు ఒకేలా ఉన్నాయి. వెన్ను మీద ఒక్క గీత లేదు. 67 పొరలు నిజంగా ఉంటే వెన్ను మీద పుస్తకం అంచులా సన్నగా కనబడాలి కదా.

నేను చదివింది ఈసీఈ డిప్లొమా. పాలిటెక్నిక్‌లో పీసీబీ ల్యాబ్ ఉండేది. రాగి పూసిన బోర్డు మీద పెయింట్‌తో సర్క్యూట్ గీసి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేసి, ట్రేని ఊపుతూ కూర్చోవాలి. పెయింట్ లేని చోట రాగి కరిగిపోతుంది. ఆ గోధుమరంగు నీళ్లు చున్నీ మీద పడితే ఇక ఆ మరక జన్మలో పోదు. కత్తులు చేసేవాళ్లు పొరలు బయటికి తెప్పించేది కూడా ఈ ఫెర్రిక్ క్లోరైడ్‌తోనే అని తెలిసినప్పుడు భలే నవ్వొచ్చింది. ఒక చిన్న సీసా తెప్పించి, కత్తి మీద బొటనవేలంత చోటు గరుకు కాగితంతో రుద్ది, దూదితో అద్దాను. అసలు పొరలుంటే చెరిపేసిన గీతలు మళ్లీ లేచి రావాలి. రాలేదు. ఆ చోటంతా ఒకే బూడిదరంగు. అంటే మామూలు స్టీల్ మీద లేజర్‌తో బొమ్మ వేశారన్నమాట. అమ్మినవాళ్లకు మెయిల్ పెడితే "రిటర్న్ గడువు అయిపోయింది" అన్నారు.

కోపం కంటే సిగ్గేసింది నాకు. ఎందుకంటే నేను కమ్మరి మనవరాలిని.

మా అమ్మ పుట్టిల్లు ఆర్మూరు దగ్గర ఒక పల్లె. ఇంటి ముందు వేపచెట్టు, దాని కింద తాత కొలిమి. ఎండాకాలం సెలవుల్లో నా డ్యూటీ తిత్తి ఊదడం. తోలు తిత్తి నా చిన్నప్పటికే పోయింది, చేత్తో తిప్పే చక్రం ఉండేది. "ఆపకు బిడ్డా, ఆపకు" అని తాత, "పోరి చేతులు నొస్తయ్, జర ఇడువుర్రి" అని అమ్మమ్మ. తాత ఎర్రగా కాలిన ముక్కను పట్టుకారుతో దాగలి మీద పెట్టి, దెబ్బ ఎక్కడ పడాలో చిన్న సుత్తితో తట్టి చూపించేవాడు. సమ్మెట మాత్రం అమ్మమ్మది. చీర దోపుకుని, రెండు చేతులతో ఎత్తి, సరిగ్గా అక్కడే దించేది. తాత చిన్న సుత్తి ఊరికే దాగలి మీద టంగుమంటే "ఇగ ఆపు" అని అర్థం. ఇద్దరి మధ్యా మాటలుండేవి కాదు. పొద్దున ఏదో విషయంలో కొట్లాడుకుని మాటలు మానేసిన రోజు కూడా పని అలాగే నడిచేది.

రైతులు గొడ్డళ్లు తెచ్చి "ఉక్కు వెయ్యి" అనేవాళ్లు. గొడ్డలి ఒళ్లంతా మెత్తని ఇనుము. దాని నోరు చీల్చి, మధ్యలో గట్టి ఉక్కు ముక్క పెట్టి, తెల్లగా కాల్చి, ఇసుక చల్లి, కొట్టి కలిపేసేవాడు. మా ఇంట్లో ఇనుము వేరు, ఉక్కు వేరు. ఈ తేడా నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. పాత లారీ కమాను పట్టీలు ఉక్కు, ఎడ్లబండి చక్రం పట్టా ఇనుము. అంతే.

ఇదంతా తెలిసి కూడా ఫొటో చూసి కత్తి కొన్నాను.

పోయిన అక్టోబరులో డమాస్కస్ కత్తి చేయడం నేర్పే మూడు రోజుల క్లాసుకి వెళ్లాను. మేముండేది డాలస్. తూర్పు వైపు రెండున్నర గంటలు పోతే పైన్ చెట్ల మధ్య ఒక రేకుల షెడ్డు. నేర్పించే పెద్దాయన పూర్వాశ్రమంలో స్కూల్ బస్సుల మెకానిక్. మేం నలుగురం. ముగ్గురు గడ్డాల మగవాళ్లు, నేను. నన్ను చూసి మొదట కాస్త టెన్షన్ పడ్డాడు పాపం. పట్టుకారు పట్టుకున్న తీరు చూశాక ఊరుకున్నాడు.

అక్కడ వాడేది రెండు రకాల ఉక్కు. ఒకటి 1084, అంటే 0.84 శాతం కార్బన్ ఉన్న మామూలు ఉక్కు, కాస్త మాంగనీస్‌తో. రెండోది 15ఎన్20. బ్యాండ్‌సా రంపాలకు వాడే ఉక్కు ఇది, ఇందులో 2 శాతం నికెల్ ఉంటుంది. రెండూ గట్టివే, రెండూ ఒకే వేడికి పాయనం (ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరచడం) పట్టేవే. కాబట్టే జత కుదురుతుంది. చివర్లో యాసిడ్‌లో, అంటే ఆ ఫెర్రిక్ క్లోరైడ్‌లో, ముంచినప్పుడు మొదటిది నల్లబడుతుంది, నికెల్ ఉన్నది మెరుస్తూ మిగిలిపోతుంది. ఈ నలుపు తెలుపులే ఆ అలలు. రంగూ కాదు, ముద్రా కాదు.

అయిదంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు పట్టీలు. 1084వి ఏడు, 15ఎన్20వి ఆరు. ఒకదాని మీద ఒకటి పేర్చే ముందు ప్రతి పట్టీని రెండు వైపులా గ్రైండర్ మీద తళతళలాడేదాకా రుద్దాలి. మధ్యలో చిలుమున్నా, నూనె మరక ఉన్నా అక్కడ అతుకు పడదు. ఇదే పొద్దుటి పూటంతా పట్టింది. నా పక్కన గడ్డమాయన విసుక్కున్నాడు, నాకు మాత్రం పూజకు ముందు ఇత్తడి సామాను తోమినట్టు హాయిగానే ఉంది.

పేర్చిన దొంతరకు మూలల్లో నాలుగు వెల్డింగ్ చుక్కలు పెట్టి, వెనక ఒక ఇనుప కడ్డీ అతికించి, గ్యాస్ కొలిమిలో పెట్టాం. ఎర్రబడ్డాక ఒక డబ్బాలోంచి తెల్లటి పొడి చెంచాతో చల్లాడు. ఏంటని అడిగితే బోరాక్స్ అన్నాడు. అంటే మన వెలిగారం! కంసాలి అంగట్లో ఉండేదే. వేడికి నురగలా పొంగి, తర్వాత గాజులా కరిగి, పొరల సందుల్లోకి దిగి చిలుమును కరిగించి బయటికి తోస్తుంది. తాత ఇసుక చల్లింది కూడా ఇందుకే. ఈ వెలిగారం కొలిమి గోడల్ని కూడా తినేస్తుందట, ఏడాదికోసారి లోపలి పూత మార్చుకోవాలట. అందుకని కొందరు వెలిగారం మానేసి దొంతరను కిరోసిన్‌లో నానబెట్టి కాలుస్తారు. కిరోసిన్ మండేటప్పుడు లోపలి గాలిలో ఆక్సిజన్‌ని మింగేస్తుంది, చిలుము పట్టదు.

అతుకు పడే వేడి 1260 డిగ్రీల సెల్సియస్ దగ్గర. అంటే నారింజ రంగు దాటి పసుపులోకి వచ్చి, ఇంకో అడుగు వేస్తే తెలుపు. ముక్క మీద వెన్న కరుగుతున్నట్టు తడితడిగా మెరుపు కదులుతుంది. అప్పుడు బయటికి తీయాలి. నేను తీసి, మా అమ్మమ్మను తలుచుకుని, ఒక్క దెబ్బ గట్టిగా వేశాను.

"నో నో నో" అని పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు.

మొదటి దెబ్బలు గట్టిగా వేయకూడదట. గట్టిగా వేస్తే అప్పుడప్పుడే అంటుకుంటున్న పొరలు ఎగిరిపడతాయి. మధ్య నుంచి అంచులకు, మెల్లగా, వరసగా తట్టాలి. జొన్నరొట్టె తట్టినట్టన్నమాట. ఆ పోలిక ఆయనకు చెప్పలేను కదా, తలూపాను. మళ్లీ వెలిగారం, మళ్లీ వేడి, ఈసారి రొట్టె తట్టుడు. అప్పటిదాకా చప్పుడు బోలుగా, పొడిగా వచ్చింది. నాలుగో వేడికి ఉన్నట్టుండి చప్పుడు మారింది. పదమూడు ముక్కలు ఒకే ముక్క అయ్యాక చప్పుడు ముద్దగా వస్తుంది. కళ్లకంటే ముందు చెవికి తెలుస్తుంది ఆ సంగతి.

అయినా నా మొదటి దెబ్బ ఫలితం దక్కింది. సాగదీశాక చివర కోసి చూస్తే వెంట్రుకంత నల్లగీత ఒకటి, అడ్డంగా. ఒక మూల పొర విడిపోయింది. పెద్దాయన ఏమీ అనకుండా ఆ అంగుళంన్నర కోసి చెత్తడబ్బాలో పడేశాడు. టంగుమంది. తాత సుత్తిలాగే.

సాగదీయడానికి అక్కడ పవర్ హ్యామర్ ఉంది. మోటారుతో కొట్టే పెద్ద సుత్తి, కాలి కింద పెడల్. "ఒక్కణ్నే పని చేసుకోవాలి కాబట్టి ఇది కొన్నాను, పాతరోజుల్లో అయితే సమ్మెట కొట్టేవాడు ఒకడుండేవాడు" అన్నాడు. ఒకడు కాదండీ, ఒకామె, అన్నాను. అమ్మమ్మ కథ చెప్పాను. ఆ తర్వాత నుంచి ఆయన నాతో మాట్లాడే పద్ధతే మారిపోయింది.

సాగదీసిన కడ్డీని నాలుగు ముక్కలు చేసి, పేర్చి, మళ్లీ కలపడం. మళ్లీ ఒకసారి అలాగే. 13 నాలుగింతలు 52, మళ్లీ నాలుగింతలు 208 పొరలు అని బోర్డు మీద రాశాడు. నాలోని డిప్లొమా ఊరుకోలేదు. పైనా కిందా 1084 పట్టీయే కాబట్టి, పేర్చినప్పుడు 1084 మీద 1084 పడి రెండూ ఒకటైపోతాయి కదా, అంటే మొదటిసారి మూడు తగ్గి 49, రెండోసారి 193 అన్నాను. కాసేపు బోర్డు చూశాడు. "ముప్ఫై ఏళ్లుగా 208 అని అమ్ముతున్నాను" అన్నాడు.

పొరల లెక్క ఎక్కువైతే కత్తి గొప్పదవుతుందని అందరూ అనుకుంటారు. అదేం లేదు. వెయ్యి దాటితే గీతలు కంటికి ఆనకుండా కలిసిపోతాయి. కత్తులు చేసే కమ్మరుల సంఘం అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టే మాస్టర్ స్మిత్ పరీక్షలో కనీసం 300 పొరల డమాస్కస్ కత్తి చేయాలి, నిజమే. కానీ పరీక్ష పొరల్ని లెక్కపెట్టి ఊరుకోదు. వేలాడే అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంచాలి, రెండు చెక్క దూలాల్ని నరకాలి, ఇవన్నీ అయ్యాక అదే అంచుతో చేతి మీది వెంట్రుకలు గొరగాలి, చివర్లో కత్తిని వైసులో బిగించి 90 డిగ్రీలు వంచితే విరగకూడదు. అన్నీ ఒకే కత్తితో. ఎన్నాళ్లో కూర్చుని చేసిన కత్తిని చివర్లో తమ చేతులతో వంచేసుకుంటారు.

ఇలా పొరలు పేర్చి చేసే డమాస్కస్ అమెరికాలో మళ్లీ ఊపందుకున్నది 1973లో. బిల్ మోరన్ అనే మేరీలాండ్ కమ్మరి కత్తుల ప్రదర్శనకు తన డమాస్కస్ కత్తులు తెచ్చాడు. మా పెద్దాయన 1973 అని చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గిస్తాడు, గుళ్లో మాట్లాడినట్టు.

రెండోరోజు మధ్యాహ్నం తిండి దగ్గర మీదే ఊరు అని అడిగాడు. హైదరాబాద్ అంటే సులువు కాబట్టి అదే అన్నాను, కాసేపాగి, హైదరాబాద్ కూడా కాదు, దానికి ఉత్తరాన అన్నాను. ఆయన శాండ్‌విచ్ కింద పెట్టి "వూట్జ్!" అన్నాడు. నాకు అర్థం కాలేదు. లోపలికి వెళ్లి సగం కోసిన ఇడ్లీలాంటి ఉక్కు బిళ్ల తెచ్చి నా చేతిలో పెట్టాడు. మూసలో ఇనుమూ బొగ్గూ పెట్టి, మూత వేసి కరిగించి తనే చేసుకున్నాడట. ఆ మాటను మీవాళ్లు సరిగ్గా ఎలా పలుకుతారు అని అడిగాడు.

"ఉక్కు."

"ఊ... కూ." నాలుగుసార్లు ప్రయత్నించాడు. ఒత్తు రాలేదు.

ఇంటికొచ్చాక చదివాను దీని గురించి, రాత్రిళ్లు కూర్చుని. 1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే డాక్టర్ లండన్ రాయల్ సొసైటీకి "వూట్జ్" నమూనాలు పంపాడు, మరుసటి ఏడాది జార్జ్ పియర్సన్ వాటి మీద వ్యాసం చదివాడు. ఆ మాట మన తెలుగు, కన్నడ ఉక్కేనంటారు. ఇంకో పాతికేళ్లకు మైకేల్ ఫారడే, అవును, కెపాసిటర్ల మీద మనం రాసుకునే ఫారడ్ కొలతకు పేరిచ్చిన ఫారడే, స్టోడార్ట్ అనే కత్తుల వ్యాపారితో కలిసి ఈ ఉక్కు గుట్టు విప్పాలని చూశాడు. ఫారడే తండ్రి కూడా కమ్మరే. ఈ సంగతి మా ల్యాబ్ మేడం ఒక్కసారి చెప్పి ఉంటే ఆ సబ్జెక్టు ఇంకో పది మార్కులు వచ్చేదేమో.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం వేరే. 1820ల మొదట్లో హెన్రీ వాయ్సీ అనే సర్వే డాక్టరు ఉక్కు తయారీ చూడ్డానికి ఒక ఊరెళ్లాడు. ఆయన రాసిపెట్టింది చనిపోయాక 1832లో అచ్చయింది. మట్టి మూసలు, వాటి మూతలు, కొలిమి, తోలు తిత్తులు, అన్నీ వర్ణించాడు. ఆ ఉక్కు కొనడానికి పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఆయనకు అక్కడే కనిపించాడు. ఆ ఊరు కోనసముద్రం.

కోనసముద్రం నాకు బస్సు బోర్డు మీద పేరు! కమ్మర్‌పల్లి మండలం. అమ్మమ్మ ఊరికి పోయేటప్పుడు ఆర్మూరు బస్టాండ్‌లో "ఈ బస్ మనది కాదే, దిగు" అని అమ్మ చెయ్యి పట్టి లాగిన బస్సు. అక్కడి చేలల్లో చిట్టెం (కొలిమి మడ్డి) కుప్పలు, మూసల పెంకులు ఇప్పటికీ దొరుకుతాయి. 17వ శతాబ్దంలో తవర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు కూడా రాశాడు, పర్షియాలో గీతలు తేలే కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని, చిన్న రొట్టెలంత బిళ్లలుగా అమ్ముతారని. మా పెద్దాయన చేతిలో పెట్టింది కూడా అలాంటి బిళ్లే.

అసలు డమాస్కస్ అదీ. నేను క్లాసులో చేసింది కాదు. ఇది చాలామంది కలిపేస్తారు కాబట్టి కాస్త ఆగి చెప్తాను. మూస ఉక్కులో ఎవరూ పొరలు పేర్చరు. కార్బన్ 1.5 శాతం దాకా ఉన్న ఒకే ముద్ద అది. దాన్ని మెల్లగా చల్లార్చి, తక్కువ వేడి మీద పదేపదే కాల్చి సాగదీస్తే లోపలి గట్టి కార్బైడ్ (ఇనుమూ కార్బనూ కలిసిన) రేణువులు తమంతట తామే వరసలు కడతాయి. గీతలు ఉక్కు లోపల పుడతాయి. ఎందుకు పుడతాయో తేల్చింది అయోవా ప్రొఫెసర్ వెర్‌హోవెన్, ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టే పెండ్రే కలిసి. 1998లో వాళ్లు అచ్చువేసిన దాని ప్రకారం వెనేడియం లాంటి లోహాలు ఖనిజంలోంచి వచ్చి లేశమాత్రంగా ఉండాలి, లేకపోతే ఎంత గొప్ప చెయ్యయినా వరసలు కట్టవు. ప్రొఫెసరు ఒక్కడి వల్లా కాలేదు, నాడాల ఆయన ఒక్కడి వల్లా కాలేదు. నాకు ఈ కథలో బాగా నచ్చిన ముక్క ఇదే.

జపాన్ కత్తుల సంగతి ఇంకోలా ఉంటుంది. సెకి, సకాయ్, ఎచిజెన్ ఊళ్ల నుంచి వచ్చే డమాస్కస్ వంటగది కత్తుల్లో చాలావాటికి మధ్యలో వీజీ-10 లాంటి గట్టి స్టెయిన్‌లెస్ పలక, దానికి రెండు పక్కలా మెత్తని పొరల తొడుగు. 67 అంటే 33, 33, మధ్యలో ఒకటి. కోసేది ఆ మధ్యలో ఒక్కటే. మిగతా 66 చీర అంచు. మంచి అంచే, కాదనను.

సరే, క్లాసు. గీతలు నిచ్చెన మెట్లలా రావాలని నేను కోరుకున్నాను. కడ్డీకి రెండు వైపులా అడ్డంగా గాడులు కోసి, మళ్లీ కాల్చి చదును చేశాం. ఉల్లిగడ్డను ఒక పక్క చెక్కితే లోపలి పొరలు ఉంగరాల్లా కనబడతాయి చూడండి, అదే సూత్రం. కోసిన చోట అడుగు పొరలు బయటపడి, చదును చేసినప్పుడు పైకొస్తాయి.

తర్వాత పాయనం. మొత్తం మూడు రోజుల్లో నా గుండె కొట్టుకున్నది ఆ ఎనిమిది సెకన్లే. 815 డిగ్రీలకు కాల్చి, 55 డిగ్రీలకు వెచ్చబెట్టిన కనోలా నూనెలో నిటారుగా దించాలి. కాస్త వాలినా వంకర పోతుంది. భగ్గుమని మంట, మిర్చి బజ్జీల బండి వాసన. తీసి ఆకురాయి పెట్టి గీస్తే గాజు మీద గీసినట్టు జారిపోయింది, అంటే గట్టిపడింది. కానీ కత్తి అరటికాయలా వంగి ఉంది. పెద్దాయన చేతులకు గ్లవుజులు తొడిగి, ఇంకా వేడిగా ఉండగానే బల్ల అంచుకు పెట్టి ఒత్తి నిలబెట్టాడు. ఉక్కు పూర్తిగా బిగిసేలోపు అరనిమిషం మాత్రమే మన మాట వింటుందట. ఆ తర్వాత వంచితే పుటుక్కుమంటుంది.

అంత గట్టిగా ఉన్నది పెంకులా పగులుతుంది కాబట్టి మళ్లీ కాస్త మెత్తబరచాలి. 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు రెండుసార్లు. ఒకసారి అక్కడ, రెండోసారి మా ఇంటి ఓవెన్‌లో. "ఏం బేక్ చేస్తున్నవ్?" అని మా ఆయన ఆశగా వచ్చి చూసి వెళ్లిపోయాడు. తీస్తే అలుగు ఎండుగడ్డి రంగు. తాతకు ఓవెనూ లేదు, థర్మామీటరూ లేదు. కొడవలి అంచును మాత్రం నీళ్లలో ముంచి తీసి, ఇటుకతో ఒక చోట రుద్ది మెరిపించి, వెన్నులో మిగిలిన వేడి అంచుకు పాకుతుంటే ఆ మెరుపులో గడ్డిరంగు నడిచి రావడం చూసేవాడు. రంగు అంచుకు చేరగానే మళ్లీ ముంచేవాడు. అప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడు. మాట్లాడితే తిట్టేవాడు.

మిగతా పని ఇంట్లో, గరాజ్‌లో, నెల రోజుల వారాంతాలు. 220 నంబరు కాగితం, 400, 800, 1500. ఒక్కో నంబరుకు ముందు నంబరు గీతలన్నీ పోవాలి, లేకపోతే యాసిడ్ వాటిని ఎత్తి చూపిస్తుంది. దీనికంటే బోరు పని నా జీవితంలో లేదు. తర్వాత ప్లాస్టిక్ గొట్టంలో ఫెర్రిక్ క్లోరైడ్ ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ నాలుగు వంతులు. కత్తిని దారంతో వేలాడదీసి పన్నెండు నిమిషాలు టైమర్ పెట్టాను. నాలుగో నిమిషానికే తీసి చూశాను, ఆగలేక.

అద్దంలా ఉన్న అలుగు మీద మొదట మబ్బు పట్టినట్టయింది. తర్వాత మబ్బులోంచి ఒక్కో గీత. ముందు వెన్ను దగ్గర, తర్వాత నిచ్చెన మెట్లు, చివరికి అంచుదాకా. ఎడమ పక్కా కుడి పక్కా ఒకేలా లేవు. ఒకచోట మెట్టు వంకర పోయింది. గాడి నేను వంకరగా కోసిన చోటది. వంటసోడా నీళ్లలో ముంచి యాసిడ్ చంపేసి, నూనె రాశాను. గరాజ్ నేల మీద పడిన చుక్కలు మాత్రం ఇప్పటికీ తుప్పు రంగులో ఉన్నాయి, ఇల్లు అమ్మేటప్పుడు చూద్దాం అన్నాడు మా ఆయన.

మొదలుపెట్టినప్పుడు దొంతర కిలోంబావు. ఇప్పుడు వాల్‌నట్ చెక్క పిడితో కలిపి కత్తి 190 గ్రాములు. మిగిలిందంతా చిట్టెం, కోతముక్కలు, గ్రైండర్ పొడి. చేతి పని డమాస్కస్ కత్తికి ఇక్కడ నాలుగైదు వందల డాలర్లు అడిగితే మనం కళ్లు తేలేస్తాం. నేనిప్పుడు తేలేయను. అయితే ఎవరైనా కొంటానంటే గీతలు కాకుండా మూడు సంగతులు అడగమంటాను. ఏ ఉక్కులు కలిపారు, పాయనం ఎలా పెట్టారు, వాదర వెనక మందం ఎంత. మూడోది ఎవరూ అడగరు. అంచు వెనక అర మిల్లీమీటరు లోపు ఉంటే క్యారెట్ జారినట్టు తెగుతుంది. మందంగా ఉంటే గొడ్డలితో కట్టె చీల్చినట్టు టప్పుమని పగులుతుంది, గీతలు ఎంత అందంగా ఉన్నా సరే. పాకిస్తాన్‌లోని వజీరాబాద్ నుంచి తక్కువ ధరకు వచ్చే కత్తుల్లో నిజంగా పొరలు వేసి కొట్టినవి ఉంటాయి. అక్కడి చేతుల్ని నేను తక్కువ చేయను. ఏ ఉక్కో చెప్పని కత్తి మాత్రం ఎక్కడిదైనా కొనను.

వాడకంలో ఇబ్బందులు లేవని కాదు. ఇది స్టెయిన్‌లెస్ కాదు. నిమ్మకాయ, మామిడికాయ కోసి పక్కన పెడితే పావుగంటలో మరక. టమాటాలు కోసిన చోట నీలం ఊదా కలిసిన పూత వచ్చింది, అది మంచిదే, తుప్పును అడ్డుకుంటుంది. గీతలు కొద్దిగా మాసాయి కూడా, కానీ ఇవి మాసినా మళ్లీ ముంచితే లేస్తాయి. డిష్‌వాషర్‌లో వేస్తే విడాకులే అని మా ఆయనకు చెప్పి పెట్టాను.

ఫిబ్రవరిలో అమ్మ వచ్చింది. సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తన కత్తిపీట తెచ్చుకుంది, ఎప్పట్లాగే. నిలబడి కోయడం కూరగాయల్ని అవమానించడమని ఆమె అభిప్రాయం. రెండు రోజులు నా కత్తి వైపు చూడనే లేదు. మూడోరోజు పొద్దున నేను కాఫీ కలుపుతుంటే బల్ల మీంచి తీసింది. గీతల్ని చూసిందో లేదో తెలీదు. కిటికీ వైపు తిప్పి వెన్ను నుంచి మొన దాకా ఒంటికన్నుతో చూసింది. బొటనవేలు వాదరకు అడ్డంగా పెట్టి తడిమింది. తర్వాత పిడి వదులుగా పట్టుకుని అలుగును గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది.

"పాయనం మంచిగనే పడ్డది" అంది. "కొన కాడ జర మందం ఉన్నది. మీ తాత అయితే ఇంకో సాన పట్టేటోడు."

కత్తి కింద పెట్టి, కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు కోసుకుంది. నేను ఆ శనివారం కొన దగ్గర ఇంకాస్త సాన పట్టాను.